కట్టె ఇయర్‌ఫోన్లు

గుమ్మఘట్ట దగ్గరి పల్లెలో ఉరుము అనే డోలు వాయించే ఆయన, ఏ వస్తువు కొన్నా ముందు గోటితో తట్టి చూసేవాడు. చనిపోయిన తండ్రి వాయిస్తుండగా ఎవరో తీసిన క్యాసెట్టును ఆయన సెల్‌ఫోన్లోకి ఎక్కించుకున్నాడు. ఈసారి జాతరలో ఆ వరస తనే వాయించాలి. పుల్లతో చర్మాన్ని రాస్తే వచ్చే మూలుగే ఉరుముకు ప్రాణం. ఫోన్లో అదే వినపడదు. అందుకని మంచి ఇయర్‌ఫోన్ల కోసం నన్ను వెంటబెట్టుకుని అనంతపురమంతా తిరిగాడు.

ప్లాస్టిక్‌వి చెవిలో పెట్టుకోవడం, "దోమ పాడినట్లుండాదన్నా" అని తీసేయడం. చివరి దుకాణంలో చౌకరకం కట్టెవి దొరికాయి. వాటినీ తట్టాడు.

"ఏమప్పా, కుండ కొంటాండావా?" అన్నాడు దుకాణదారు.

ఆయన వాటిని చెవుల్లో పెట్టుకుని తండ్రి వరస పెట్టాడు. వింటూ కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి కుడిచేయి గాలిలో పుల్ల రాయడం మొదలుపెట్టింది. అప్పుడు ఒకటి తీసి దుకాణదారు చెవిలో పెట్టాడు.

"బలే గుర్రుమంటాండాదే. ఎవరప్పా?"

"మా నాయన. జాతరకు రాన్నా. కండ్లు మూసుకోని ఇను, వాయించేది ఆయనో నేనో చెప్పు."

దుకాణదారు నిజంగానే వచ్చాడు. ఉరుము ఆగాక కూడా చాలాసేపు కళ్లు తెరవలేదు.