నడిమి గోడ కూలిన రోజు

సహోదరులారా, సహోదరీలారా, సొంత ఇల్లు కట్టుకుని కూడా ఆ ఇంటి కోసమే ఏడ్చిన మనిషిని నేను. నా పేరు ఎస్తేరు, మాది పూతలపట్టు, నా భర్త సామేలు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లారీ నడుపుతాడు. పెళ్లయినప్పటి నుంచి మేము బాడుగ ఇళ్లలోనే బతికాం, ఒక ఇంటామె గట్టిగా పాట పాడొద్దనేది, ఇంకొకామె మా అత్తమ్మ దగ్గితే తలుపు వేసుకునేది, అప్పుడంతా నేను ఒకటే అడిగేదాన్ని, ప్రభువా, గొంతెత్తి నిన్ను స్తుతించడానికి నాకంటూ నాలుగు గోడలు ఇవ్వవా అని! ఆయన ఇచ్చాడు. ఊరి చివర మిద్దె ఇల్లు కట్టుకున్నాం, పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు.

మొదటి వానలకే వంటింటి తలుపు బిగుసుకుపోయింది. తర్వాత హాలుకూ వంటింటికీ నడుమ ఉన్న గోడ మీద, తలుపు మూల నుంచి ఏటవాలుగా పైకప్పు దాకా ఒక చీలిక పాకింది. ఇల్లు కట్టిన మేస్త్రీ వచ్చి గోడ తట్టి చూసి, "కొత్త గోడ కదక్కా, ఆరేటప్పుడు ఇట్లే పగులుతాది, పుట్టీ పెడితే సరిపోతాది" అన్నాడు. పుట్టీ పెట్టాం, రంగు వేశాం, మళ్లీ వాన పడగానే ఆ చీలిక నా వేలు దూరేంతగా తెరుచుకుంది.

మన సంఘంలోనే పెరిగి చిత్తూరులో ఇంజనీరుగా పనిచేస్తున్న చెల్లెలు గ్రేసు ఒక ఆదివారం వచ్చి చూసింది. గోడ పక్కన కొంచెం తవ్వించేసరికి ఆమె ముఖం పాలిపోయింది.

"అక్కా, మిద్దె బరువూ, పైన ట్యాంకు బరువూ అంతా ఈ గోడే మోస్తా ఉండాది. దీని కింద పునాదే లేదు. ఇటుకలకు మట్టి తీసిన గుంతను పూడ్చి, దాని మీదే లేపేసినారు. ముందు మీరంతా బయటికి రాండి, తర్వాత కింద ఊతాలు పెట్టిస్తాను."

నా భర్త వినలేదు. "యాడికి పోయేది? మళ్లా బాడుగింటికా? నా గోడను ఎవరూ ముట్టుకోవద్దు. నేను రాను, పోయేవాళ్లు పోండి!" అని హాలులో, ఆ గోడ పక్కనే మంచం వేసుకున్నాడు. నేను అత్తమ్మను తీసుకుని చర్చి వెనక ఒక గదిలో చేరాను.

ఆ దినాల సంగతి ఎలా చెప్పను! ఆ ఇంటి మీద నాకు ఆశ చావలేదు, ఎందుకు దాచాలి? పొద్దున్నే కిటికీలోంచి నా పొయ్యి మీద పడే ఎండ కోసం నా ప్రాణం కొట్టుకునేది. రోడ్డు మీద లారీ పోతే నా మనిషేమోనని లేచి నిలబడేదాన్ని. మొదట్లో, ప్రభువా, నా గోడను నిలబెట్టు అని ప్రార్థించాను. పోనుపోను నా నోట వేరే మాట వచ్చింది: "ప్రభువా, ఇల్లు పోతే పోనీ, నా మనిషిని బయటికి తీసుకురా!"

ఆయన లారీ దిగి ఇంటికొచ్చే మధ్యాహ్నం వేళకు అన్నం క్యారియరు తీసుకుని మా ఇంటి గేటు దగ్గరికి పోయేదాన్ని. ఆయన అందుకుని లోపలికి పోయేవాడు. ఒక రోజు వాన కురుస్తూ ఉంది, ఏమైందో నాకు, క్యారియరు ఇవ్వబుద్ధి కాలేదు.

"ఈ పొద్దు నా ముందర కూర్చోని తినయ్యా. నువ్వు తినేది చూసి శానా దినాలయింది."

"వానలో ఏందే నీ పంతం?" అని కసిరాడు. అయినా వచ్చాడు, సహోదరులారా, వచ్చాడు! ఎదురింటి వసారాలో కూర్చుంటే సంగటి పెట్టి పప్పు పోశాను. రెండో ముద్ద ఎత్తాడో లేదో, మా ఇంట్లోంచి బస్తాలు దొర్లినట్టు చప్పుడు! నడిమి గోడ జారిపోయింది, హాలు పైకప్పు నడుము విరిగి కిందికి కూర్చుంది, గేటు దాకా దుమ్ము లేచింది. ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉంది.

"ఎస్తేరూ, నా మంచం ఆడే ఉండాదే" అని నా చెయ్యి పట్టుకుని పసిబిడ్డలా ఏడ్చాడు. దేవునికే మహిమ!

మాకు ఇంకా ఇల్లు లేదు. శిథిలాలు తీసేశాం, గట్టినేల తగిలే దాకా తవ్వి పునాది వేయాలని గ్రేసు చెప్పింది, అది ఎప్పటికవుతుందో తెలియదు. ఆ ఖాళీ స్థలం దగ్గరికి పోతే ఇప్పటికీ నా కళ్లు నిండుతాయి, అయినా ఒక్క గదిలో ముగ్గురం కలిసి తింటున్నాం, నేను అడిగిన మనిషిని నా దేవుడు నాకిచ్చాడు, ఆయనకే స్తోత్రం. మీ ఇంట్లో ఎవరైనా బయటికి రానని మొండికేసి ఉంటే, ప్రియులారా, ప్రభువును నమ్ముకుని వాకిట్లో నిలబడండి. పిలవడం మానకండి.