తొమ్మిది వేలిముద్రలు

జమ్మలమడుగు ముసల్మానుల ఇళ్లలో ఆడమనిషి కన్ను మూస్తే చివరి స్నానం చేయించడానికి జైనబ్ రావాల్సిందే. ఆ స్నానం పరాయి మగవాడి కంట పడకూడదు. అందుకే ఒక పుణ్యాత్మురాలు ఎప్పుడో ఖబరస్తాన్ పక్కన గది కట్టించి, బావి తవ్వించి ధర్మానికి రాసిచ్చింది. దాన్ని చూసుకోవాల్సిన అబ్దుల్ సలాం గదికి తాళం వేసి, లోపల శనక్కాయల బస్తాలు నింపుకున్నాడు. అప్పటినుంచి పోయిన ఆడవాళ్లను, ఇళ్లలో చోటు చాలక, ఇరుకు వీధిలో నాలుగు చీరలు అడ్డం పట్టి కడగాల్సి వచ్చింది. గాలికి చీర లేచినప్పుడల్లా జైనబ్ సిగ్గుతో చచ్చిపోయేది.

గది విడిపించమని 1955లో ధర్మాదాయాలు చూసే ఆఫీసుకు అర్జీ రాయించింది. పెద్దవాళ్ల మాటకు విలువ ఉంటుందని, డెబ్బై దాటిన ఎనిమిది మంది ఆడవాళ్లను ఏరి ఏరి వేలిముద్రలు వేయించి, చివర తనదీ వేసింది. అక్కడే పొరపాటు చేసింది. ఆ ఆఫీసు సంగతి తెలిసినవాళ్లయితే పసిపిల్లల చేత వేయించి ఉండేవాళ్లు.

కర్నూలుకు పోయిన కాగితం, రాష్ట్రం మారగానే హైదరాబాదుకు పోయిందన్నారు. ఏటా బస్సెక్కి కడపకు పోయి అడిగితే "విచారణలో ఉంది" అనేవారు. ఈలోగా ముసలమ్మలు ఒక్కొక్కరే రాలిపోయారు. అందరినీ ఆ వీధిలోనే కడిగింది. బొటనవేలి దగ్గరికి వచ్చేసరికి జైనబ్ చెయ్యి ఆగిపోయేది. సిరా ఏనాడో పోయినా ఆమె కంటికి మాత్రం కనిపించేది. 'ఏమాయనే మన కాగితం?' అని ఆ వేలు అడుగుతున్నట్టే ఉండేది. ఇంటికొచ్చి అన్నం ముద్ద కలిపినా అదే మాట చెవిలో పడేది.

1962లో విచారణకు అధికారి వచ్చాడు. అర్జీ తీసి పేర్లు పిలిచాడు.

"సైదున్నీసా?"

"నేనే కడిగినా సారూ."

"మెహరున్నీసా?"

"ఆమెను గూడా నేనే కడిగినా."

ఎనిమిది పేర్లకూ అదే జవాబు. అధికారి కళ్లజోడు తుడుచుకున్నాడు. "అర్జీదారులు హాజరు కాలేదని రాసుకుంటున్నా. ఒక్కరి ఫిర్యాదు చాలదు. కొత్తగా పెట్టుకోమ్మా."

"వాళ్లు రాలేదని రాసుకుంటాండావా సారూ? వాళ్లుండంగా మీరు రాకపోతిరే!"

కొత్త కాగితం పట్టుకుని గడపగడపా తిరిగింది. తలుపులు మూసుకున్నారు. జైనబ్ కాగితం మీద వేలు పెడితే ఇక అంతేనని ఊరంతా పాకిపోయింది. నిజమేనేమోనని ఆమెకే భయం పట్టుకుంది.

చివరికి కోడలు రషీదా ముందు కాగితం పెట్టింది. రషీదా చేతులు రెండూ వెనక్కి దాచుకుంది.

"నా బిడ్డలు శానా చిన్నోళ్లు అత్తా. నన్నిడిచిపెట్టు."

జైనబ్ బలవంతం చేయలేదు. సిరా డబ్బీ మూసి, కోడలి వైపు చూసింది.

"సరేలేమ్మా. రేపు నన్ను యాడ కడుగుతావు?"

రషీదా చూపు గడప దాటి వీధిలోకి పోయింది.