సేటు పేరు మీద ఉన్న బండి

ఆ రోజు నేను చేసిన తప్పు ముందే చెప్పేస్త. చేవెళ్ల బస్టాండు పక్కన తన కిరాణం దుకాణంలో కూర్చొని తక్కెడలో పప్పు జోకుతున్న మనిషి సంతకాన్ని, బస్సులో అరగంట దూరంలో ఉన్న మొయినాబాద్‌లో, ఒక జిరాక్స్ సెంటర్ బల్ల మీద నేను పెట్టిన. ఒకటి కాదు, మూడు. ఎవరూ నా చెయ్యి పట్టి పెట్టించలేదు.

బండి అమ్మబోయి తెచ్చుకున్న తిప్పలు ఇవి. నల్ల రంగు టూ స్ట్రోక్ మోటార్ సైకిల్. దాన్ని చేసే కంపెనీ ఆ మోడల్ ఎప్పుడో బంద్ చేసింది. నేను ఆ కిరాణం దుకాణం సేటు దగ్గర కొన్నప్పటికే అది పాతబండి. అయినా కొన్న ఎనిమిదేండ్లలో ఆరేండ్లు, చేవెళ్ల నుంచి మాదాపూర్ ఆఫీసు దాకా, వానలో ఎండలో నన్ను మోసింది. నేను తిరగడం మొదలుపెట్టినప్పుడు రోడ్డుకు రెండు దిక్కులా బంతి తోటలు, టమాట మళ్ళు ఉండె. ఒక్కొక్కటే ప్లాట్ల రాళ్ళయినయి, ఫామ్‌హౌస్ గోడలయినయి. నాకు జీతం ఇచ్చే సాఫ్ట్‌వేర్ కంపెనీలే ఆ రాళ్ళు పాతించినయని తెలిసి కూడా, గేరు మార్చి ముందుకు పోయేటోన్ని.

తర్వాత ఆఫీసు క్యాబ్ మా ఊరి దాకా రావడం మొదలైంది. రెండో బిడ్డ పుట్టినంక చిన్న కారు కొన్న. బండి వాకిట్లో రేకుల కింద పడ్డది. ఆదివారం ఆదివారం తుడిచి, పది కిక్కులు కొట్టి, పొగ లేపి, మళ్ళీ కవరు కప్పేటోన్ని. మా ఆమె ఓపిక పట్టి పట్టి ఒక రోజు అన్నది: "దాన్ని నడుపన్న నడుపు, ఎవరికన్న ఇయ్యన్న ఇయ్యి. గిట్ల వారానికొకసారి దవాఖానకు పోయి చూసొచ్చినట్టు చెయ్యకు."

ఊర్లో ఇస్తే పాత ఇనుము కింద ముక్కలు చేస్తరని భయం. ఇంటర్నెట్‌లో పాత బండ్ల పిచ్చోళ్ళ గుంపు ఒకటి ఉండె. అందులో ఫొటోలు పెడితే అస్సాంలో జోర్హాట్ దగ్గరి ఒక బడి పంతులు అడిగిండు. కాలేజీ రోజుల్లో నడిపిన బండి అదేనట. నాకు వచ్చిన కొంత హిందీ, ఆయనకు వచ్చిన కొంత హిందీ కలిపి రోజూ ఫోన్లో మాట్లాడుకునేటోళ్ళం. ఆయన ప్రతిసారీ ఒక్కటే అడిగేటోడు: "భాయ్‌సాబ్, కాగితాలు సాఫ్ ఉన్నయి కదా?"

"బిల్కుల్ సాఫ్" అని చెప్పేటోన్ని.

కాగితాలు సాఫ్ లేవు. ఆర్‌సీ బుక్కు ఇంకా సేటు పేరు మీదనే ఉన్నది. అమ్మిన రోజు ఆయన పేరు మార్చుకునే ఫారాల మీద సంతకాలు పెట్టిచ్చి, "వారంలో నీ పేరు మీదికి మార్చుకో బిడ్డా" అన్నడు. మా దిక్కు సగం బండ్లు అట్లనే తిరుగుతయి. సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు బండితో పాటు చేతులు మారుతయి, బుక్కులో పేరు మాత్రం మొదటి ఓనరుదే ఉంటది. నేనూ ఆ సగంలో ఒకన్ని. ఒక పూట సెలవు పెట్టి ఆర్టీఏ ఆఫీసుకు పోతే అయిపోయే పని. పోలేదు. కొన్ని నెలలకు సేటు దుకాణంలో నలుగురి ముందర అడిగిండు: "మార్చినవా?" ఆ మాట అంతటితో తెగిపోవాలని, "అయిపోయింది సేటూ" అని చెప్పిన. అప్పటి నుంచి ఆయన ఎప్పుడడిగినా అదే చెప్పిన.

ఆ అబద్ధమే ఆ రోజు నా కాళ్ళు కట్టేసింది.

మొయినాబాద్ చౌరస్తా దాటినంక లారీ ట్రాన్స్‌పోర్టు వాళ్ళ చిన్న గోదాము ఉండె. బండిని అక్కడ అప్పజెప్తే, సాయంత్రం వాళ్ళ లారీ సిటీకి తీసుకుపోతది. అక్కడి నుంచి పెద్ద లారీలో గువాహటి. పొద్దున పది గంటలకు పోయిన. ట్యాంకులో పెట్రోలు చుక్క ఉండొద్దన్నరు. పైపు పెట్టి నోటితో గుంజి సీసాలకు పట్టిన. నాలుక మంట. బ్యాటరీ తీగలు పీకమన్నరు, పీకిన. అద్దాలు విప్పమన్నరు. ఎడమ అద్దం బోల్టు తుప్పు పట్టి రాలేదు, బలవంతం చేస్తే అద్దం చేతిలోనే పగిలింది. గడ్డి చుట్టి గోనెసంచులు కుట్టే మనిషి అన్నానికి పోయిండు. నేను ఎండలో నిలబడి ఆయన కోసం చూసిన.

పన్నెండు దాటినంక బుకింగ్ క్లర్కు ఆర్‌సీ బుక్కు తిరగేసిండు.

"ఈ పేరు నీదేనా?"

"కాదు, పాత ఓనరుది. నేను ఆయన దగ్గర కొన్న."

"ఓనరేడి మరి?"

"చేవెళ్లల ఉన్నడు."

"అయితే రమ్మను. లేకుంటే ఒక లెటరు, ఈ రెండు ఫారాల మీద సంతకం పట్టుకరా. నాలుగు గంటలకు లారీ. మల్ల వారందాంక ఆ దిక్కు బండి లేదు."

"పాత సంతకాలున్నయి సార్" అంటూ బండి పక్క డబ్బా తెరిచిన. ఎనిమిదేండ్ల వాన నీళ్ళు తాగిన ఫారాలు అప్పడాల్లెక్క విరిగినయి. ఒక ముక్క మీద సగం సంతకం మిగిలింది.

క్లర్కు నవ్విండు. "ఇవి బండి కాగితాలా, బండి అస్థికలా అన్నా?"

నాకు నవ్వు రాలేదు. చేవెళ్లకు పోయి రావడానికి గంటన్నర చాలు. ఇంకో రెండు గంటలు చేతిల మిగులుతయి. కానీ పోతే సేటు ముఖం చూడాలె. ఎనిమిదేండ్లు చెప్పింది అబద్ధమని ఒప్పుకోవాలె. ఎండ మీద కోపం, క్లర్కు మీద కోపం, పగిలిన అద్దం మీద కోపం. ఇవన్నీ కలిపి, నాకు హక్కు ఉన్నట్టే అనిపించింది. రోడ్డు అవతలి జిరాక్స్ సెంటర్‌లో కొత్త ఫారాలు కొని, లెటరు రాసి, ఆ ముక్క మీది సగం సంతకం చూసుకుంట మిగతా సగం ఊహించి, మూడు చోట్ల పెట్టిన. క్లర్కు చూడనన్న చూడలేదు. ముద్ర గుద్ది రసీదు ఇచ్చిండు.

బస్సు దిగేసరికి రెండు. సేటు దుకాణం ముందు నుంచే ఇంటికి దారి. తల వంచుకొని పోతుంటే పిలిచిండు.

"ఏం కంప్యూటరు సారూ, బస్సుల దిగినవు? కారుకు పెట్రోలు లేదా, నీకే లేదా?"

"బండి అమ్మిన సేటూ. అస్సాంకు పోతున్నది. ఇయ్యాల్నే గోదాముల వేసిన."

"అస్సామా! దానికి అంత రాత ఉన్నదా?" కాసేపు మురిసిండు. గల్లా మీద చెయ్యి పెట్టి, గొంతు తగ్గించిండు. "జాగ్రత్తగ రాయించుకో కాగితం. షాబాదుల మా బామ్మర్ది స్కూటరు అమ్మిండు. కొన్నోడు పేరు మార్పియ్యలే. వాడు మూడోవానికి అమ్మిండు. వాడెవనికో గుద్ది పారిపోయిండు. పోలీసోళ్ళు ఎవరింటికి వచ్చిన్రు? మా బామ్మర్ది ఇంటికి. ఇంకా కోర్టుల చుట్టూ తిరుగుతనే ఉన్నడు. మా చెల్లె నాకు ఫోన్ చేసినప్పుడల్లా ఏడుస్తది. నాకు నీ బండి యాదికొస్తది. నువ్వు మార్చుకున్నవు కాబట్టి నాకు ఫికర్ లేదు, బతికిపోయిన."

పక్కన ఒక అవ్వ చింతపండు కట్టించుకుంటున్నది. ఆమె కూడా తల ఊపింది, నన్ను మెచ్చుకున్నట్టే. నేను "అవును సేటూ" అన్న. మళ్ళీ అబద్ధం.

ఇంటికి పోయి మా ఆమెకు మొత్తం చెప్పిన. ఎట్లనో అట్ల సర్దుకుంటదిలే అనే మాట వింటనని ఆశ. ఆమె చేతిలోని చాట కింద పెట్టింది.

"రేపు ఆ బండి ఎక్కడనో ఎవరినో గుద్దితే, ఆ ముసలాయన ఈ వయసుల కోర్టు మెట్లెక్కాలెనా? నువ్వు పోతవా, నన్ను పొమ్మంటవా సేటు దగ్గరికి?"

టైం చూసిన. మూడు దాటింది. కారు తీసిన. మొయినాబాద్ దాకా ఎదురొచ్చిన ప్రతి ఎద్దుబండిని, ప్రతి కాలేజీ బస్సును తిట్టుకుంట పోయిన. నేను పోయేసరికి లారీ గోదాము ముందర ఉన్నది, బండి లారీ మీద ఉన్నది. గోనెసంచుల్లో హ్యాండిల్ తప్ప ఏమీ కనబడలేదు.

"దించాలె అన్నా" అని క్లర్కుకు చెప్పిన.

"పొద్దున ఎక్కియ్యమంటివి, ఇప్పుడు దించుమంటవు. పిచ్చి లేచిందా?"

"సంతకాలు ఓనరువి కావు. నేనే పెట్టిన."

ఆయన రసీదు నా చేతిలోంచి గుంజుకొని చింపిండు. "ఈ మాట అప్పుడే చెప్తే నాకు గడ్డి మిగులుతుండె, గోనె మిగులుతుండె. ఏం సదువుకున్నవన్నా నువ్వు?" ఇద్దరు హమాలీలు సణుక్కుంట బండిని చెక్క పలక మీదుగ దించిన్రు. ఆ ఫారాలు, లెటరు నేను ఆయన ముందరే ముక్కలు చేసిన.

బండిని గోదాములనే ఉంచి, కారులో నేరుగ సేటు దగ్గరికి పోయిన. దుకాణంలో గిరాకీ ఎవరూ లేరు. నిలబడే చెప్పిన: పేరు మార్చలేదని, అన్నేండ్లు అబద్ధం చెప్పిన్నని, మధ్యాహ్నం ఆయన సంతకం పెట్టిన్నని, బండి దించిన్నని. ఆయన పొట్లాలు కట్టే పేపరు ముక్క, పెన్ను నా ముందర పెట్టిండు.

"పెట్టు. ఎట్ల పెట్టినవో చూస్త."

"వద్దు సేటూ."

"పెట్టమంటున్న కదా."

పెట్టిన. కండ్లద్దాలు సవరించుకొని చూసిండు.

"నాకంటె మంచిగ పెట్టినవ్" అన్నడు. కాగితం మడిచి పొయ్యిల పెట్టమని లోపల ఉన్న ఆయన భార్యకు ఇచ్చిండు. "సంతకం సంగతి పక్కకు పెట్టు. నా దుకాణంల, నా గిరాకీల ముందర, అయిపోయింది అయిపోయింది అన్నవు సూడు, అది ఎట్ల మింగాలె నేను? మా బామ్మర్ది గతి తెలిసినప్పటి నుంచి నీ మాట నమ్మి నిద్రపోతున్న."

నేను పెన్ను తీసి గల్లా మీద పెట్టిన.

"మంగళవారం వస్త ఆర్టీఏ ఆఫీసుకు. నీ కోసం కాదు, నా పేరు కోసం" అని లోపలికి పోయిండు.

మంగళవారం ఆయన్ని కారులో తీసుకపోయిన. పొద్దంతా బెంచీ మీద కూర్చున్నడు. నేను తెచ్చిన చాయ తాగలేదు. తన జేబులోంచి పైసలు తీసి తనే తెచ్చుకున్నడు. ఒక సంతకం కోసం మూడు కిటికీలు తిప్పిన్రు. నేను ఎనిమిదేండ్లు తప్పించుకున్న కిటికీలే అవి. మళ్ళీ రెండుసార్లు పోవలసి వచ్చింది, రెండుసార్లూ వచ్చిండు, మోకాళ్ళు పట్టుకొని మెట్లెక్కిండు. బండి నా పేరు మీదికి వచ్చేసరికి నెల దాటింది.

జోర్హాట్ పంతులుకు నిజం చెప్పిన. "నన్ను కూడా మోసం చేసినవు కదా భాయ్‌సాబ్" అని ఫోన్ పెట్టేసిండు. నాలుగు రోజుల తర్వాత తనే చేసిండు. బండి కావాలన్నడు, కానీ నా పేరున్న బుక్కు, వేరే రాష్ట్రానికి పంపడానికి ఆఫీసు ఇచ్చే కాగితం, రెండూ ముందు పోస్టులో రావాలన్నడు. పంపిన. అవి చేరినంకనే బండి కట్టించిన, కొత్త గడ్డి, కొత్త గోనె. ఎడమ అద్దం కొత్తది కొని విడిగ చుట్టి పంపిన. లారీ కదిలేటప్పుడు అంగీకి బండి నూనె వాసన ఉన్నది. ఏడుపు రాలేదు. ఒళ్ళంతా అలసట.

బండి అక్కడ పంతులు పేరు మీదికి ఎక్కినంక కొత్త బుక్కు జిరాక్స్ పంపమని ఆయన్ను బతిమిలాడిన. అది వచ్చిన రోజే సేటుకు ఇచ్చిన. చదివి, ఫైలులో పెట్టిండు, కూర్చో అనలేదు. ఫైలు మూసుకుంట అన్నడు: "మా పెద్దోడు నడిపిన మోపెడు ఒకటి దొంతన్‌పల్లిల ఎవనికో అమ్మిన. అది కూడ నా పేరు మీదనే ఉన్నదేమో."

ఆ శనివారం దొంతన్‌పల్లికి పోయిన. అడ్రసు లేదు, మనిషి పేరు సగమే తెలుసు. మొదటిసారి దొరకలేదు. రెండోసారి దొరికి, కోతలయినంక చూద్దాం పొమ్మన్నడు. మూడోసారి సెలవు పెట్టి, అతన్ని, మోపెడు కాగితాలను నా కారులో ఎక్కించుకొని సేటు దుకాణం ముందు ఆపిన. సేటు గల్లాకు తాళం వేసి, చెప్పులు తొడుక్కొని, వెనక సీటులో కూర్చున్నడు. ముగ్గురం ఆర్టీఏ ఆఫీసుకు పోయినం.