కిందికి పోయిన పొగ

ముందే చెప్పేస్తున్నాను. ఈ కథలో ఒక వంటగది పాడైంది, ఒక కోడిపెట్ట మాయమైంది, ఒక బడిపంతులు నాలుగు రోజులపాటు ఊరు మొత్తం మీద అలిగి కూర్చున్నాడు. ఆయన అలిగాడన్న సంగతి ఊరికి తెలియనే లేదు. ఆ పంతుల్ని నేనే. నవ్వదలచినవారు ఇప్పటినుంచే మొదలుపెట్టవచ్చు, నాకేం అభ్యంతరం లేదు.

తొంభైల నాటి మాట. మన్యంలో హుకుంపేట దగ్గర బస్సు దిగి, కొండదారిలో గంటన్నర నడిస్తే వచ్చే చిన్న ఊళ్ళో నా మొదటి ఉద్యోగం. నాది మైదానం. అమ్మానాన్నలు అప్పటికే పోయారు. అన్నయ్య ఇంట్లో నేను పడుకునే గదిలో వదిన కుట్టుమిషను పెట్టేసింది. అందుకని సెలవులొస్తే వెళ్ళడానికి నాకంటూ ఒక చోటు లేదు. అయినా ప్రతి సెలవులకీ సంచీ సర్దుకుని దిగేవాణ్ణి, లాడ్జిలో నాలుగు రోజులు గడిపి, ఇంటికెళ్ళొచ్చానని చెప్పేవాణ్ణి. ఇరవై ఆరేళ్ళ పెద్దమనిషిని కదా, నాకెవరూ లేరని ఊళ్ళో ఎలా చెప్పుకుంటాను?

నాకో చిన్న పెంకుటిల్లు, అందులో కట్టెల పొయ్యి. సాయంత్రం పొయ్యి అంటించి గాలి ఊదుతుంటే, పై మెట్టలో ఉండే బుద్రమ్మ నాలుగు మొక్కజొన్న పొత్తులు కొంగులో వేసుకుని దిగి వచ్చేది. అరవై దాటిన మనిషి. వెనకాల ఆమె కొడుకు సోమన్న, ఇంకా ఒకరిద్దరు. గుమ్మంలో అడుగుపెడుతూనే రోజూ ఒకటే మాట.

"పొగ కనపడింది బాబూ, ఒచ్చీసినాను."

వచ్చి పొయ్యి ముందు కూలబడి, దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ పొత్తులు కాల్చి నా చేతిలో పెట్టేది. ఎవరి ఆవు ఈనింది, ఎవరి చేలో పందులు పడ్డాయి, అన్నీ చెప్పేది. ఆ రెండు గంటల కోసమే మిగతా రోజంతా గడిపేవాణ్ణి.

ఇప్పుడు నా తెలివి చూడండి. రెండేళ్ళపాటు ఆవిడ రోజూ 'పొగ కనపడింది' అంటుంటే, నా పొయ్యి మీద ఫిర్యాదు చేస్తోందనే అనుకున్నాను! ఒక సాయంత్రం "కళ్ళు మండిపోతన్నాయి బాబూ, రేపొత్తాను" అని తొందరగా లేచి వెళ్ళిపోయింది కూడా. ఆ రోజు సగం కాలిన పొత్తుతో ఒక్కణ్ణే మిగిలాను. భయం వేసింది. ఈ పొగకు జడిసి వీళ్ళు రావడం మానేస్తే నా గతేమిటి?

మర్నాడు సంతకు పోయి, వీర్రాజు ఎలక్ట్రికల్ షాపులో బల్బు కొన్నాను. దాన్ని చుట్టిచ్చిన రంగుల కాగితం మీద ఒక దొరసాని నవ్వుతూ వంట చేస్తోంది. పొయ్యి పక్కన సన్నని సందు. పొగంతా బుద్ధిగా ఆ సందులో దూరి, నేలకింది గొట్టంలోంచి బయటికి పోతోంది. దొరసాని కంట్లో చుక్క నీరు లేదు. ఇంకేం, నాకు దారి దొరికింది.

"వీర్రాజు గారూ, ఇలాంటిది కావాలి."

ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "పొగ దారి పైకి కదండీ మాస్టారూ, కిందికి లాగడమేంటండీ? గోడకి పైన ఫ్యాను పెట్టుకోండి, హాయిగా పోద్ది."

"అది అందరూ పెట్టుకునేదే."

"అందరూ పెట్టుకుంటున్నారంటే ఏదో మంచి ఉన్నట్టే కదండీ!"

నేను ఒప్పుకుంటానా? చివరికి ఆయనే దిగొచ్చి ఫ్యాను ఇచ్చాడు, రేకు గొట్టాలు ఇచ్చాడు, జాగ్రత్తలూ చెప్పాడు. "ప్లాస్టిక్కు గొట్టం పెట్టకండి, నిప్పు సెగకి కరిగిపోద్ది. మోటారు మంటకి దూరంగా ఉండాలి. ముఖ్యంగా ఇంటిపైన సందులు మూయకండి మాస్టారూ. కరెంటు పోయిందనుకోండి, పొగెక్కడికి పోద్ది?"

మొదటి రెండూ శ్రద్ధగా విన్నాను. మూడోది చెప్పేటప్పుడు కాగితంలో దొరసానిని చూస్తున్నాను.

దసరా సెలవులకు ముందు వారం వంటింటి గోడ కింద నుంచి వెనక పారే గెడ్డ వాగు దాకా కాలవలా తవ్వాను. సోమన్న వచ్చి నిలబడ్డాడు.

"ఏటి మాస్టరూ, ఏటి సేత్తన్నావు?"

"సెలవులయ్యాక చూద్దువుగాని సోమన్నా, ఊరంతా చూస్తుంది!"

"సరే బాబూ, ఎల్లిరా మరి, పండక్కి మీవోల్ల కాడికి."

నేను గొప్పగా నవ్వాను. వెళ్ళడం లేదని చెప్పలేదు. చెబితే ఎందుకని అడుగుతాడు కదా.

సెలవుల మొదటి రోజుకే పని పూర్తయింది. పెంకుల సందులన్నీ లోపలి నుంచి బంకమట్టితో మెత్తేశాను. కిటికీ మూసేశాను. వీధి తలుపు కింద గోనె కుక్కాను, గాలి జొరబడితే లాగుడు తగ్గుతుందని. పొయ్యి అంటించి స్విచ్చి వేశాను. ఘాట్ రోడ్డు ఎక్కుతున్న బస్సులా ఫ్యాను రొద పెట్టింది. పొగ కాసేపు తటపటాయించి, మెడ వంచి, సందులోకి దిగిపోయింది! నేను ఎగిరి గంతేశాను. గంతేసినప్పుడు చూసేవాళ్ళు ఎవరూ లేరు, అదొక్కటే లోటు.

పొయ్యి చుట్టూ నాలుగు పీటలు వేశాను. కాఫీ కాచాను. బుద్రమ్మ వచ్చి, దగ్గబోయి, దగ్గు రాక, ఆశ్చర్యపోయే ముహూర్తం కోసం కూర్చున్నాను.

రాలేదు.

వానేమో అనుకున్నాను. ఆ సాయంత్రమే ముసురు పట్టింది మరి. గెడ్డ మీద మంచు దిగింది, నా గొట్టంలోంచి పోయే పొగ ఆ మంచులో కలిసిపోయింది. రెండో రోజూ ఎవరూ రాలేదు. మూడో రోజు ముందరి వసారాలో గంప ఎత్తి చూస్తే నా కోడిపెట్ట కూడా లేదు. నక్క పట్టుకుపోయిందని తేల్చుకుని, ఖాళీ గంపను మళ్ళీ బోర్లించాను.

అక్కడితో నాకు కోపం వచ్చింది. రెండేళ్ళు కలిసి పొత్తులు తిన్నవాళ్ళు వానకే మానేస్తారా? మెట్టెక్కి నేనే వెళ్ళొచ్చు, పట్టుమని రెండొందల అడుగులు లేవు. ఉహూఁ. మొదట వాళ్ళే రావాలి! చూరునీళ్ళు పట్టుకుంటూ, గెడ్డకు కూడా పోకుండా, తలుపు బిగించుకుని కూర్చున్నాను. నేనేం తప్పు చేశానో జాబితా వేశాను. సోమన్న మేనల్లుడికి లెక్కల్లో సున్నా వేశాను, అదా? బుద్రమ్మ ఇచ్చిన దుంప చేదుగా ఉందన్నాను, అదా? ఐదో రోజుకి ఫ్యానుతో మాట్లాడుతున్నాను. "నువ్వయినా ఉన్నావు" అన్నాను. అది నా మాట వినిపించనిస్తే కదా!

నిజం చెప్పాలంటే అది కోపం కాదు. నాకు అప్పటికి మిగిలిన మనుషులు వాళ్ళే, వాళ్ళకీ నేను అక్కర్లేదని తెలిసిపోయిందన్న దిగులు. నాలుగు పీటల్లో మూడింటిని గోడకు చేర్చేశాను.

ఆరో రోజు సాయంత్రం వాన తెరిపిచ్చింది. పచ్చికట్టెలు పెట్టి అన్నం వండుకుంటున్నాను. ఫ్యాను ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. కరెంటు పోయింది.

వీర్రాజు మూడో జాగ్రత్త అప్పుడు గుర్తొచ్చింది, అక్షరం పొల్లుపోకుండా.

కిందికి వెళ్ళాల్సిన పొగ పైకి లేచింది. పైన దారి లేదు. గది నిండింది. నా చెయ్యి నాకు కనపడలేదు. ఊపిరి అందలేదు. ఇక్కడ పడిపోతే సెలవులయ్యేదాకా ఎవరికీ తెలియదన్న ఆలోచన ఒక్కటే తెలివిగా వచ్చింది. పట్టుకారు చేతికి తగిలితే దాంతో పైకప్పును పొడిచాను. బంకమట్టితో సహా రెండు పెంకులు నెత్తి మీద పడ్డాయి. తడుముకుంటూ వెళ్ళి గోనె లాగి, తలుపు తీసి, వసారాలో బోర్లా పడ్డాను. నా వెనక ఇంటిపైన కన్నంలోంచి పొగ నిటారుగా లేచింది.

దగ్గు తెరిపిచ్చి తల ఎత్తేసరికి మెట్ట మీంచి మనుషులు దిగుతున్నారు. ఇల్లు అంటుకుందని ఆర్పడానికి వస్తున్నారనుకున్నాను. ఒక్కరి చేతిలో బిందె లేదు. బుద్రమ్మ కొంగులో మొక్కజొన్న పొత్తులున్నాయి, చంకలో నా కోడిపెట్ట ఉంది.

"పొగ కనపడింది బాబూ, ఒచ్చీసినాను" అంది నవ్వుతూ. "ఎప్పుడొచ్చినావు ఊర్నుంచి? నువ్వు నేవని పెట్టని మాయింటికి ఎత్తుకుపోనాను. నక్క తినీగల్దని."

"నేనెక్కడికీ వెళ్ళలేదు" అన్నాను.

సోమన్న నోరు తెరిచాడు. "ఎల్లనేదా? దినానికి రెండుసార్లు పైనుంచి సూసినాం మాస్టరూ. పొగే నేదు! పొయ్యి ఎలగని ఇంటికి మావెలా ఒత్తాం? ఒకేళ నువ్వింట్లో ఉన్నా, మాకు పెట్టడానికేటీ నేదని సిగ్గుపడవా?"

అప్పుడు బుర్రకెక్కింది. రెండేళ్ళుగా ఆ మాట ఫిర్యాదు కాదు. నేనున్నానని తెలిసింది, అందుకే వచ్చాను అని. ఆ పొగ ఒక్కటే నా తరఫున వాళ్ళను పిలిచేది. దాని గొంతు నేనే నొక్కి గెడ్డలోకి తోశాను.

"మరి పండక్కి మీవోల్ల కాడికి ఎల్లనేదేటి?" బుద్రమ్మ అడిగింది.

"మావాళ్ళెవరూ లేరు" అన్నాను. మొదటిసారి చెప్పాను.

ఆవిడ నా తల మీది మట్టి దులిపి, "ఏడుత్తన్నావేటి?" అంది.

"పొగకి" అన్నాను.

"మంచిది" అని లోపలికెళ్ళి, గోడకు చేర్చిన పీటలు మళ్ళీ పొయ్యి చుట్టూ వేసింది.

ఆ తర్వాత పదేళ్ళకు విశాఖలో ఫ్లాటు కొనుక్కున్నాను. వంటింటి చిమ్నీ అమ్మే కుర్రాడొకడు టై కట్టుకుని వచ్చి చాలాసేపు చెప్పాడు. చివరగా గొంతు తగ్గించి, "ఇది పెట్టించుకుంటే సార్, మీరు ఇంట్లో ఉన్నట్టు పక్కింటివాళ్ళక్కూడా తెలీదు" అన్నాడు. అతనికి కాఫీ ఇచ్చి పంపేశాను.

కాబట్టి పట్టుకారు మీద చెయ్యి వేసి, కోడిపెట్ట సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. కళ్ళు మండినా, గోడలు మసిబారినా, పక్కింటివాళ్ళు మొహం చిట్లించినా, ఈ జన్మలో నా ఇంటి పొగను కిందికి పంపను. ఎవరైనా పైనుంచి చూస్తున్నారేమో, ఎవరికి తెలుసు?