ముత్తమ్మకు రావలసిన జమ్మి

పద్దెనిమిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఏడాదిలో మిగతా రోజులు అది ఎక్కడో అడుగున పడి ఉంటుంది. దసరా సెలవులు దగ్గర పడ్డాయంటే మాత్రం లేచి కూర్చుంటుంది. ఇంట్లో వాళ్లు ఏమైందని అడిగితే పైత్యం అంటాను. పైత్యమూ లేదు, పాడూ లేదు. మా ఆయన దగ్గర కూడా పెదవి విప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీతో చెప్పగలుగుతున్నాను. నా పేరు మాత్రం అడగవద్దు. ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

నాది పెనుబల్లి వైపు పల్లెటూరు. డెబ్బైల చివర్లో నర్సు ట్రైనింగ్ ముగించుకుని భద్రాచలం దారిలో అడవి అంచున ఉన్న ఒక ఊళ్లో ఉద్యోగానికి చేరాను. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. ఒక ట్రంకు పెట్టె, రెండు తెల్ల చీరలు, మనిషికి మించిన గర్వం, ఇదీ నా సామాను. రోజుకు ఒక్క బస్సు. వాగు పొంగితే అదీ లేదు. మొదటి వారం ఏడ్చాను. రెండో నెలకల్లా ఆ ఊరు వదిలి ఇంటికి పోవాలంటే ఏడుపొచ్చేది.

ఇప్పటికీ ఆ ఊరు తలుచుకుంటే ముందు వాసనలే గుర్తొస్తాయి. ఎండలు ముదిరే ముందు ఇప్పపూలు, చలికాలంలో పొగాకు కాల్చి ఆరబెట్టే బ్యారన్లు, దసరా ముందు తంగేడు, గునుగు. ఆడవాళ్లు అడవి అంచుకు పోయి ఒడినిండా పూలు కోసుకొచ్చి నా గది అరుగు మీదే బతుకమ్మను పేర్చేవారు. నేను చెయ్యి పెడితే ఒక వరస వంకరపోయేది. "సిస్టరమ్మకు సూది గుచ్చుడే వస్తది, పూలు గుచ్చుడు రాదు" అని నవ్వేవారు. నాకు కోపం వచ్చేది కాదు. ఆ అరుగు మీద ఉన్నంత సంతోషంగా నేను మళ్లీ ఎక్కడా లేను.

వాగు అవతలి గూడెంలో ముత్తమ్మ ఉండేది. మంత్రసాని. ఆ చుట్టుపక్కల సగం మందికి పురుడు పోసిన మనిషి. అరవై దాటి ఉంటాయి. గూడెంలో వాళ్ల మాట వేరు, మాతో మాత్రం తెలుగు మాట్లాడేది. నేను బడి వరండాలో బొమ్మల చార్టు వేలాడదీసి, గూడెం మంత్రసానులను పిలవకండి, వాళ్లకు శుభ్రత తెలియదు, తల్లీబిడ్డల ప్రాణం మీదికి వస్తుంది అని ఉపన్యాసాలు ఇచ్చేదాన్ని. ట్రైనింగులో అలాగే చెప్పమన్నారు. కానీ అంత గట్టిగా, ముత్తమ్మ వెనక వరసలో కూర్చుని వింటుండగా చెప్పమని ఎవరూ అనలేదు. ఆమె పొగాకు నములుతూ, చిన్నపిల్లలు పాఠం అప్పజెబుతుంటే విన్నట్టు వినేది.

ఆ ఊళ్లో కృష్ణా జిల్లా నుంచి వచ్చి పొగాకు, మిరప వేసే కుటుంబం ఒకటి ఉండేది. ఇంటి పెద్దావిడ నాగరత్నమ్మ గారు. కోడలు సుజాత నా ఈడుది, తొలి కాన్పు. నా ఉపన్యాసాలు అందరికంటే శ్రద్ధగా విన్నది నాగరత్నమ్మ గారే. తన కోడలికి నర్సమ్మ తప్ప ఇంకెవరూ చెయ్యి వెయ్యడానికి వీల్లేదని శాసనం చేశారు.

శ్రావణంలో, మిట్టమధ్యాహ్నం, కుండపోత వానలో సుజాతకు నొప్పులు తీవ్రమయ్యాయి. వాగు దాటి భద్రాచలం తీసుకుపోయే దారి లేదు. నేను చూసేసరికి బిడ్డ కాళ్లే ముందు బయటికి వచ్చాయి. అలాంటి కాన్పు నేను ట్రైనింగులో ఒక్కసారి చూశాను, అదీ నలుగురి భుజాల వెనక నుంచి. పుస్తకంలో ఏముందో ఒక్క ముక్క గుర్తు రాలేదు. నాగరత్నమ్మ గారిని దేవుడి గదిలోకి పంపి, ఎవరూ లోపలికి రావద్దని తలుపు గడియ పెట్టాను. బయటివాళ్లు అదేదో పద్ధతి అనుకున్నారు. నా భయం ఎవరి కంటా పడకూడదని పెట్టిన గడియ అది.

పెరటి తలుపు తీసి బయటికి వచ్చి వాంతి చేసుకున్నాను. ఎదురుగా గొడ్ల కొట్టంలో ముత్తమ్మ నిలబడి ఉంది. పొద్దున వాగు పొంగకముందే వాళ్ల మిరపనారు మడిలో కలుపుకు వచ్చి వానకు అక్కడ ఆగిందట. నన్ను ఏమీ అడగలేదు. సుజాత అరుపుల్ని బట్టే ఆమెకు సంగతి తెలిసిపోయినట్టుంది. కుండలో నీళ్లతో చేతులు మోచేతుల దాకా కడుక్కుంది. నా దగ్గరున్న సబ్బు అడిగి తీసుకుని మళ్లీ కడుక్కుంది. అప్పుడు లోపలికి వచ్చింది.

నొప్పులకు కళ్లు తెరవలేక, పట్టుకున్నది ఎవరో కూడా తెలియకుండా ఉన్న సుజాతను మంచం మీంచి దింపి గొంతుక్కూర్చోబెట్టింది. నేను బిడ్డ కాళ్లు పట్టి లాగబోతే నా చేతి మీద ఒక్కటి వేసింది, గుంజవద్దని. తను పట్టుకోలేదు, లాగలేదు, అంతసేపూ కింద అరచేతులు చాపి ఉంచి వాళ్ల మాటలో ఏదో పాట మెల్లగా పాడుతూ కూర్చుంది. నేను గోడకు ఆనుకుని ఏడుస్తున్నాను. బిడ్డ పుట్టినప్పుడు కదలిక లేదు. ముత్తమ్మ నోటితో పీల్చి ఉమ్మేసి, వీపు రుద్ది రుద్ది ఏడిపించింది. ఆడపిల్ల. గుడ్డలో చుట్టి నా చేతుల్లో పెట్టి, పెరటి తలుపు నుంచే బయటికి పోయింది. తనను చూస్తే ఇంట్లో గొడవ అవుతుందని ఆమెకు తెలుసు. అది గొడవ కాకూడదని నేనూ కోరుకున్నాను.

గడియ తీశాను. నాగరత్నమ్మ గారు బిడ్డనూ, నన్నూ చూసి నా కాళ్ల మీద పడబోయారు. "నీ చేతి చలవ తల్లీ" అన్నారు. అప్పుడు నోరు తెరవాల్సింది. తెరవలేదు. ఆ క్షణానికి వంద సాకులు చెప్పగలను. అలసిపోయాను, వణుకుతున్నాను, తర్వాత చెబుదామనుకున్నాను. కానీ మర్నాడు నేను అలసిపోయి లేను కదా? ఆ మర్నాడు?

బిడ్డకు నా పేరు పెట్టారు. అందుకే ఇక్కడ ఆ పేరు రాయలేను.

నెల తిరగకముందే సుజాత ఒకసారి మెల్లగా అడిగింది, ఆ రోజు గదిలో ఎవరో పాట పాడారు కదా సిస్టర్ అని. నొప్పుల్లో అలాంటివి వినిపిస్తాయి, పట్టించుకోకు అన్నాను. ఆమె నమ్మింది. చదువుకున్నదాన్ని కదా, నేను చెప్తే నమ్మకేం చేస్తుంది? మౌనంగా ఉండటం ఒక తప్పు. ఒక మనిషి చెవులతో విన్నదాన్ని వినలేదని చెప్పడం ఇంకో తప్పు. ఈ రెండోదే నన్ను ఎక్కువ బాధిస్తుంది.

ఆ ఏడు దసరా వచ్చింది. జమ్మి ఆకును మా వైపు బంగారం అంటాం. పండగనాడు పెద్దల చేతిలో పెట్టి దండం పెట్టుకుంటాం. నాగరత్నమ్మ గారు కృష్ణా నుంచి వచ్చినా దసరా మాత్రం ఇక్కడి మాదిరే చేసేవారు. దానికి తన సొంత నియమం ఒకటి కలిపారు. ఏడాదిలో మనకు మేలు చేసినవాళ్లను కూర్చుని తలుచుకోవాలట. పిల్లల చేతి మొదటి జమ్మి మాత్రం ఎప్పటికీ పురుడు పోసిన చేతికే వెళ్లాలట. రెండు నెలల పసిగుడ్డు పిడికిట్లో ఆకు ఉంచి, ఆ పిడికిలిని నా అరచేతిలో విప్పారు. పండగ బట్టల కోసం వచ్చిన కూలీలు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. వాళ్లలో ముత్తమ్మ ఉంది. నేను అటు చూడలేదు. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, ఆ సోకు నాది.

పేరు పాకింది. కాళ్లు ముందొచ్చిన బిడ్డను బతికించిన సిస్టరమ్మ అని చుట్టుపక్కల ఊళ్ల నుంచి నా కోసం వచ్చేవారు. ఊళ్లో ముత్తమ్మను పిలవడం మానేశారు. గూడెంలో మాత్రం ఆమే. నిజం చెప్పాలంటే ఆ తర్వాత నేను పని బాగా నేర్చుకున్నాను. ఎంతోమందికి పురుడు పోశాను. ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు. ఇది చెప్పుకుని ఎన్నిసార్లు నన్ను నేను సముదాయించుకున్నానో. లాభం లేకపోయింది.

పిల్లకు ఐదేళ్లు నిండిన ఏడు, సద్దుల బతుకమ్మ నాటి మధ్యాహ్నం, ముత్తమ్మ మొదటిసారి నా గదికి వచ్చింది. అరుగు మీద పూల మధ్య కూర్చుంది. ఆ మాటలు నేను ఒక్కటీ మరిచిపోలేదు.

"సిస్టరమ్మా, ఒకటి అడుగుతా. కాదనకు."

"చెప్పవ్వా."

"మా కొత్తల పండుగ నీకెరుకే గద. కొత్త గింజ తినేముందు, నేను పురుడు పోసిన పిల్లలందరు వచ్చి నా చేతిల పిడికెడు గింజలు పెడ్తరు. పెండ్లిళ్లయి పోయినోళ్లు గూడ వస్తరు. గా ఒక్క పిల్ల చెయ్యే తక్కువున్నది."

నేను పూలు ఏరుతున్నట్టు తల వంచుకున్నాను.

"ఎవలకు ఏం చెప్పకు. నీ పేరు నీకే ఉండనియ్. దసరానాడు గా పిల్లతోని ఒక్కసారి నా చేతిల జమ్మి పెట్టియ్. ముసలిదానికి పెట్టు బిడ్డా అంటే సాలు, ఎందుకని ఎవలడుగుతరు?"

"అట్లనే అవ్వా. తప్పకుండ పెట్టిస్త."

"మాటిచ్చినవ్," అంది. పోతూ పోతూ నేను పేర్చిన వంకర వరస చూసి నవ్వి, చేత్తో సరిచేసి వెళ్లింది.

దసరానాడు ఆమె అందరికంటే ముందు వచ్చింది. తలకు నూనె రాసుకుంది. ఉతికిన చీర కట్టుకుంది. చేతులు ఎంత తోముకుందో, గోళ్ల దగ్గర పొగాకు మరక కూడా లేదు. కుడిచెయ్యి కొంగు చాటున పెట్టుకుని నిలబడింది. ఆ ఏడు నాగరత్నమ్మ గారి చుట్టాలు విజయవాడ నుంచి వచ్చారు. ఆవిడ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, నా కథ, అంటే ముత్తమ్మ కథ, వాళ్లకు చెబుతున్నారు. వాళ్లు నన్ను దేవతను చూసినట్టు చూస్తున్నారు. ఐదేళ్ల పిల్ల పట్టు పరికిణీలో జమ్మి పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఈసారి ఆ అవ్వకు పెట్టు తల్లీ. ఇంతే అనాలి. నిజం కూడా చెప్పనక్కర్లేదు. నేను చెయ్యి చాపాను.

ఎందుకు? ఇన్నేళ్లలో నన్ను నేను ఎక్కువగా అడిగిన ప్రశ్న ఇదే. భయమా? ఉద్యోగం ఏమీ పోదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అనుమానం వస్తుందనా? అదీ కొంత. అసలు సంగతి ఇంకా చిన్నది, ఇంకా సిగ్గుమాలినది. ఆ జమ్మి నాకు ఇష్టం. ఒక పసిపిల్ల అంతమందిలో నడిచి నా దగ్గరికే రావడం నాకు ఇష్టం. ఒక్క ఏడు కూడా వదులుకోవాలనిపించలేదు.

ముత్తమ్మ కొంగు చాటు నుంచి చెయ్యి తీసేసింది. నన్ను కోపంగా చూసి ఉంటే బాగుండేది. పండగ చీర కూడా తీసుకోకుండా వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆ ఇంటికి పనికి రాలేదు, నా అరుగు మీదికీ రాలేదు. దారిలో ఎదురైతే బాగున్నవా అనేది, ఆగేది కాదు.

కొన్నాళ్లకు నాకు కూసుమంచి వైపు బదిలీ అయింది. ఆ ఊరి మనిషి ఒకాయన బస్సులో కనిపించి, మాటల్లో మాటగా, ముత్తమ్మ వానాకాలం జ్వరంతో పోయిందని చెప్పాడు. అట్లనా అన్నాను. దిగాల్సిన చోట దిగి, ఆ రోజు పిల్లలకు టీకాలు వేశాను.

నా పేరు పెట్టుకున్న ఆ పిల్ల మాత్రం నన్ను మరవలేదు. ఏటా దసరాకు ఉత్తరంలో జమ్మి రెమ్మ పెట్టి పంపుతుంది. ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. మొన్న వచ్చిన ఉత్తరంలో రాసింది, సెలవుల్లో ఒకచోట కూర్చుని, మనం ఎవరికి రుణపడి ఉన్నామో వాళ్ల పేర్లు రాసుకోండి అని వాళ్ల లెక్చరర్ చెప్పారట. తన కాగితంలో అమ్మానాన్నల కంటే ముందు నా పేరు ఉందట. నాగరత్నమ్మ గారు ఈ ఏడు పోయారు. పోయే ముందు కూడా మొదటి జమ్మి సంగతి గుర్తు చేశారట. అందుకని ఈసారి తనే స్వయంగా వస్తానంది.

వస్తే చెబుతానా? నన్ను నేను నమ్మను. ఆ పిల్ల మొహం చూస్తే మళ్లీ చెయ్యి చాపుతాను. అందుకే నిన్న కూర్చుని జవాబు రాశాను. క్షమించమని అడగలేదు. అడగవలసిన మనిషి లేదు. పిల్ల క్షమించినా అది ముత్తమ్మ క్షమించినట్టు కాదు. ముందు మీ అమ్మకు చదివి వినిపించు అని మొదలుపెట్టి, ఆ రోజు పాట పాడింది నిజమేనని, పాడింది ఎవరో, గూడెం ఎక్కడో, ఆమె ఏం అడిగిందో, నేను ఏం చేశానో, ఇక్కడ మీకు చెప్పినట్టే మొత్తం రాశాను.

పొద్దున పోస్టు డబ్బాలో వేసి వచ్చాను. ఆ పిల్ల వస్తుందో రాదో తెలియదు. రాకపోతే అది న్యాయమే. ప్రాణం కాస్త కుదుటపడిన మాట నిజం, దానికీ సిగ్గుగానే ఉంది. ముత్తమ్మ బతికి ఉండగా ఇంత ఉత్తరం అక్కర్లేదు, ఒక్క మాట సరిపోయేది.