మెరుపు ఉందా?

అద్దం మాస్టారని ఆయనకు పేరెవరు పెట్టారో ఇప్పుడెవరికీ గుర్తులేదు. ఆయన పాలిష్ పట్టిన బానెట్ ముందు నిలబడి తల దువ్వుకోవచ్చని వర్క్‌షాపులో ఎవరో అన్నారట, ఆ పేరు జిడ్డులా అంటుకుపోయింది. గీతలు పడ్డ కార్ల మీద మిషను తిప్పి గీతలు తీసేయడం, ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆయన చేసిన పని అదొక్కటే. ఆ పనితోనే ఇల్లు గడిచింది, కూతురు టీచరయి తన కాళ్ళ మీద తను నిలబడింది, ఆయన మోకాళ్ళు అరిగిపోయాయి. ఎంత చెయ్యి తిరిగినవాళ్ళయినా నల్ల కారు వచ్చిందంటే ముందు ఆయన వైపే చూసేవాళ్ళు. కూడబెట్టుకున్న ఆస్తంటూ ఏదైనా ఉంటే ఆ గౌరవమే.

అలాంటి మనిషికి ఏడాదిన్నర కిందట కుడికన్ను మసకబారింది. మొదట కళ్ళజోడు మురికనుకుని తుడుచుకున్నారు. తుడిచి తుడిచి కళ్ళజోడు పాడైంది తప్ప మసక పోలేదు. తర్వాత ఎడమకన్నూ అదే దారి పట్టింది. ఇంట్లో చెబితే ఆసుపత్రి అంటారు, ఆసుపత్రికి వెళితే సెలవు పెట్టమంటారు, సెలవు పెడితే ఎందుకని అడుగుతారు, అడిగితే పాలిష్ మాస్టారుకు చూపు ఆనడం లేదన్న సంగతి గుప్పుమంటుంది. ఇంత దూరం ఆలోచించి నోటికి తాళం వేసుకున్నారు. మహా తెలివైన మనిషి. ఆ తెలివిలో పావు వంతు ఖర్చుపెట్టి కంటి డాక్టరు గడప తొక్కి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

చూపు తగ్గాక ఆయన చేతులతో చూడటం మొదలుపెట్టారు. మిషను మోతలో తేడాను చెవితో పట్టేవారు. వేలి గోళ్ళతో రేకు మీద మెల్లగా రాసి, గరుకు ఎక్కడుందో కనిపెట్టేవారు. ఏడాదిగా ఒక్క కస్టమరూ వెనక్కి రాలేదు, ఒక్క మాటా అనలేదు. కళ్ళు మొరాయించినా చెయ్యి చెడలేదని తనకు తానే చెప్పుకుని, లోపల్లోపల కాస్త మురిసిపోయారు కూడా.

పోయిన వారం ఓనరు ఆయన్ని పక్కకు పిలిచాడు. "ఒక నెల రోజులు ఇంటిపట్టున ఉండరా. అలిసిపోయావు" అన్నాడు. ఓనరూ ఆయనా ఒకప్పుడు ఒకే గురువు దగ్గర నీళ్ళ బకెట్లు మోసినవాళ్ళు. పద్దెనిమిదేళ్ళ కిందట అతను సొంత షాపు పెట్టిన రోజు నుంచీ మాస్టారు అతన్ని "మీరు" అనడం మొదలుపెట్టారు గాని, పక్కన ఎవరూ లేకపోతే అతను మాత్రం "ఒరేయ్" అనే పిలుస్తాడు. నెల రోజులంటే ఏమిటో మాస్టారుకు తెలియదా? ఆ షాపు నుంచి అలా నెల సెలవు మీద వెళ్ళిన ముసలి పెయింటరు మళ్ళీ గేటు దాటి లోపలికి రాలేదు.

"నాకు సెలవొద్దండీ. ఒక్క బండి ఇప్పించండి. ఇక్కడ ఎవరి చేతా కానిదే ఇవ్వండి. ఆదివారం మా ఇంటి దగ్గర చేస్తా, సోమవారం మీరొచ్చి చూడండి. బాగుంటే పనిలో ఉంటా. లేదంటే మీ చేత చెప్పించుకోకుండానే పోతా."

ఓనరు తన భార్య నడిపే కారు తాళాలు తీసి ఆయన చేతిలో పెట్టాడు. శనివారం సాయంత్రం డ్రైవరు ఆ కారును, దాని డిక్కీలో షాపు పాలిష్ మిషనును తెచ్చి మాస్టారు ఇంటి ముందు రేకుల షెడ్డులో పెట్టి వెళ్ళాడు.

అది మెత్తటి నలుపు. పాలిష్ పట్టేవాళ్ళకు పీడకల. రంగు మీద గాజులా ఒక పైపూత ఉంటుంది. కొన్ని కార్లకు అది రాయిలా గట్టిగా ఉంటుంది, దీనికి వెన్నలా ఉంది. దుమ్ము తుడిస్తే గీత పడుతుంది. గీత తీద్దామని మిషను పెడితే గీత పోతుంది గాని, మిషను తిరిగిన దారంతా సన్నటి వెలుగు చారలు మిగులుతాయి, లైటు ఎటు జరిపితే అటు జరుగుతాయి. ఆ చారల్ని వర్క్‌షాపులో "మెరుపు" అంటారు. అక్కడ అది తిట్టు. "మెరుపు వదిలేశావేంట్రా" అనిపించుకున్న పనివాడు ఆ పూట తలెత్తుకోలేడు. మంచి నలుపు మెరవకూడదు, నూతిలోకి తొంగి చూసినట్టు లోతుగా ఉండాలి. అయితే ఇదంతా ఆ నాలుగు గోడల మధ్య మాట. గేటు దాటితే మెరుపంటే మెరుపే.

ఆదివారం పొద్దున్నే ఆయన బట్టలు ఆరేసే తాడు విప్పేశారు. ఎండ పడకుండా షెడ్డుకు రెండు దుప్పట్లు కట్టారు, కారు కడిగారు, బానెట్ మధ్య ఎత్తుగా ఉండే గీత మీద, అంచుల మీద టేపు అతికించారు. ఎత్తుగా ఉన్నచోట పైపూత పల్చగా ఉంటుంది, మిషను అక్కడ ఆగితే కాల్చేస్తుంది. ఆయన భార్య ఆసుపత్రి లాండ్రీలో ఇస్త్రీ పని చేస్తుంది. వారానికి దొరికే ఒక్క సెలవు రోజున కూడా ఇంటి ముందు ఈ హడావిడి చూసి ఆవిడ గుమ్మంలో నిలబడిపోయింది.

"ఆదివారం కూడానా? ఆ ఓనరుకు బుద్ధి లేకపోతే మీకైనా ఉండొద్దూ?"

"అర్జంటు బండే. నువ్వు కూడా ఒక చెయ్యి వెయ్యాలి."

"నేనా? నాకు ఇస్త్రీ పెట్టె తప్ప ఇంకో మిషను మొహం తెలీదు."

"మిషను నేనే పడతా. నడుం పట్టేసింది, వంగలేకపోతున్నా. నేను ఆపినప్పుడల్లా ఈ లైటు పట్టుకుని బానెట్ మీద మెరుపు ఉందో లేదో చూసి చెప్పు, చాలు."

నడుం నిక్షేపంలా ఉంది. ముప్పై ఏళ్ళ కాపురంలో పని సంగతి ఒక్కటీ ఇంట్లో చెప్పని మనిషి, తన పనిలో తొలిసారి సాయం అడిగాడని ఆవిడ పొంగిపోయింది. చేతులు కడుక్కుని మరీ లైటు అందుకుంది.

మొదటిసారి మిషను ఆపారు. తుడిచారు.

"చూడు. మెరుపు ఉందా?"

ఆవిడ లైటు వేసింది. నల్లటి రేకులో తన మొహం, తన వెనక దుప్పటి, దుప్పటి మీది పువ్వులు కనపడ్డాయి. "ఉందండీ!" అంది సంబరంగా.

ఆయన మొహం వాడిపోయింది. సరేలే, మొదటి దెబ్బకే పోతుందా అనుకుని మెత్తటి ప్యాడు మార్చి, మిషను వేగం తగ్గించి, పాలిష్ మందు కొద్దిగా పూసి మళ్ళీ మొదలుపెట్టారు. గంట పట్టింది.

"ఇప్పుడు?"

"ఇందాకటికంటే ఇంకా ఎక్కువుంది!"

రెండోసారికే ఆ బానెట్ లోతుగా వచ్చేసి ఉండొచ్చు. రాకపోయీ ఉండొచ్చు. చూసి చెప్పగల మనిషి ఆ షెడ్డులో లేడు. మెత్తటి ప్యాడుతో పోలేదంటే మళ్ళీ గట్టి ప్యాడుతో మొదటికెళ్ళి రావాలన్నది ఆయనకు తెలిసిన పద్ధతి. అలాగే వెళ్ళి వచ్చారు. ఆవిడ చూస్తూ ఉంది. ఉందన్న ప్రతిసారీ ఆయన దిగాలుపడిపోతున్నారు. పాపం, ఇంకా బాగా రావాలని కాబోలు అనుకుని ఆవిడ గొంతు పెంచింది.

"ఎక్కడుంది?" అన్నారు మూడోసారి.

"ఎక్కడేమిటి, బానెట్ నిండా బోలెడు మెరుపు! మీ చెయ్యి పడ్డాక రాకుండా పోతుందా?"

"వెటకారమా?" అని ఆయన కసిరారు.

"వెటకారమేంటండీ? ఉన్నమాట చెప్పినా తప్పేనా?"

ఒకరిని సంతోషపెట్టాలని ఒకరు, ఒకరి మాట నమ్మి ఒకరు, ఇద్దరూ కలిసి ఆ కారును చంపేస్తున్నారు. ఆపమని చెప్పే నాథుడు లేడు. మధ్యాహ్నం దాటింది. అన్నం చల్లారిపోయింది. ఆవిడ రెండుసార్లు పిలిచింది, ఆయన పలకలేదు. ఆవిడ లోపలికి వెళ్ళినప్పుడు లైటు తీసుకుని బానెట్‌కు ముక్కు ఆనేంత దగ్గరగా వంగి చూశారు. పొగమంచులో తెల్లటి ముద్ద ఒకటి కనపడింది. మెరుపు లేదు, లోతు లేదు, గీత లేదు. ఆయనకు ఏడుపొచ్చింది. రేపు ఈ ముద్ద ముందు ఓనరు నిలబడతాడు. ఎల్లుండి నుంచి పొద్దున్న ఎనిమిదింటికి ఎక్కడికి వెళ్ళాలి? వెళ్ళడానికి చోటు లేని మనిషిని అద్దం మాస్టారని ఎవరు పిలుస్తారు? ఆ భయంతోనే మళ్ళీ మిషను ఎత్తారు. నాలుగోసారి మధ్య గీత మీద టేపు ఊడి వచ్చింది. చేతికి తగిలింది కూడా. మళ్ళీ అతికించే ఓపిక లేక విసిరేశారు. ఈ పనిలో అడుగుపెట్టిన మొదటి వారం నేర్పే పాఠాన్ని ముప్పై ఒక్క ఏళ్ళ తర్వాత అలా విసిరేశారు.

అయిదోసారి ఆపగానే ఆవిడ లైటు పట్టుకుని వంగింది.

"ఇదేంటండీ, మధ్యలో బూడిద రంగు అంటుకుంది? ఉండండి, తుడుస్తా." తుడిచింది. నీళ్ళు చల్లి తుడిచింది. "పోవట్లేదు."

ఆయన చెయ్యి తడుముకుంటూ అక్కడికి వెళ్ళింది. రేకు ఇంకా వేడిగా ఉంది. వేలి కింద ఒక సన్నటి అంచు తగిలింది. పైపూత పోయి, నలుపూ పోయి, అడుగున కొట్టే బూడిద రంగు తేలింది. ఆయన అక్కడే బోర్లించిన బకెట్టు మీద కూలబడ్డారు.

"కాలిపోయింది" అన్నారు. "మెరుపు ఉంది, ఉంది అని నువ్వే అన్నావు కదే. అది పోయేదాకా కొట్టాను."

"పోయేదాకానా? అది రావడానికే కదా ఈ పాట్లన్నీ?"

ఆయన తలెత్తారు. తర్వాత, తమ షాపులో మెరుపంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్పారు. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ముప్పై ఏళ్ళు కాపురం చేశాను. మీ దగ్గర మెరుపంటే తిట్టని ఒక్కనాడైనా చెప్పారా? సంతోషిస్తారని ఒకటికి రెండు కలిపి చెప్పానే!" అని కళ్ళు తుడుచుకుంది. అంతలోనే ఆ చెయ్యి ఆగిపోయింది. "అయినా, అది చూడగానే మీకే తెలుస్తుంది కదా. నన్నెందుకు అడిగారు?"

"నడుం..."

"నడుం పేరెత్తకండి. పొద్దున నిండు బకెట్టు ఎత్తినప్పుడు బాగానే ఉంది. ఇటు చూడండి. ఇవి ఎన్ని వేళ్ళు?"

ఆయన చూశారు. ఆవిడ చెయ్యి ఎత్తిందని మాత్రం తెలిసింది.

"కనపడట్లేదే" అన్నారు.

ఆవిడ తిట్టింది. ఏడ్చింది. మళ్ళీ తిట్టింది. ఆసుపత్రిలోనే పనిచేస్తూ మొగుడి కళ్ళు కనిపెట్టలేకపోయానని తన తల తనే కొట్టుకుంది. "చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే" అంటూ లోపలికి వెళ్ళి ఫోను తెచ్చింది. "రేపు ఆయనొచ్చి చూసి అడిగేదాకా ఎందుకు? మీరే చెప్పండి." నంబరు తనే నొక్కి, స్పీకరు పెట్టి ఆయన చేతిలో ఉంచింది.

"ఓనరుగారూ, బానెట్ కాల్చేశానండీ."

"ఎక్కడ?"

"మధ్య గీత మీద. అడుగు రంగు తేలింది."

"సరేలే."

కోప్పడలేదు. ఆ కోపం రాకపోవడమే మాస్టారును ఎక్కువ భయపెట్టింది.

"నాకు కళ్ళు కనపడట్లేదండీ. ఏడాది దాటింది. ఎవరికీ చెప్పలేదు."

"తెలుసురా."

మాస్టారు ఫోను చెవికి దగ్గరగా పెట్టుకున్నారు, సరిగ్గా వినలేదేమోనని.

"ఏడాది నుంచి నువ్వు చేసిన ప్రతి బండీ, నువ్వు ఇంటికెళ్ళాక నేను మళ్ళీ చేశాను. గేటు వేసుకుని ఒక్కణ్ణే చేశాను. మనవాళ్ళెవరికీ తెలీదు, తెలియనివ్వలేదు. ఇప్పుడు నా భుజం లేవట్లేదురా. మిషను ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇంకెలా చెప్పాలో తెలీక నెల రోజులు ఇంట్లో ఉండమన్నాను. నువ్వేమో బండి కావాలని పట్టుబట్టావు. పోతే మనదే పోతుందని మా ఆవిడ బండి ఇచ్చాను."

ఒక్క కస్టమరూ వెనక్కి రాలేదని ఏడాదిగా మురిసిపోయిన మనిషికి ఒళ్ళంతా సిగ్గుతో మండిపోయింది. నలుగురిలో పిలిచి నాలుగు తిట్టి పంపించి ఉంటే దీనికంటే ఎంతో తేలిగ్గా ఉండేది. పద్దెనిమిదేళ్ళుగా నోట్లో ఉన్న "మీరు" ఎక్కడికో పోయింది.

"ఎందుకు చేశావురా?" అన్నారు.

అవతల ఒకసారి దగ్గు వినపడింది.

"పొద్దున్నే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళు. చెల్లెమ్మను వెంట తీసుకెళ్ళు. పొరలే అయితే తీసేస్తారు, ఇంకోటయితే వాళ్ళే చెబుతారు. డ్రైవరును పంపిస్తా, బండి తీసుకొస్తాడు." కాస్త ఆగి, మెల్లగా అన్నాడు. "మిషను కూడా డిక్కీలో పెట్టించరా."

"అలాగే" అన్నారు మాస్టారు.

ఆవిడ వెళ్ళి డిక్కీ తలుపు ఎత్తి పట్టుకుంది. ఆయన ప్యాడు ఊడదీసి కడిగారు, వైరు మెలిపడకుండా చుట్టారు. తడుముకుంటూ వెళ్ళి మిషను లోపల పెట్టి, దారిలో అటూ ఇటూ దొర్లకుండా తన తుడుపు గుడ్డలన్నీ దాని చుట్టూ వత్తుగా సర్దారు.