తల్లి రాకూడని చోటు

వాళ్ళ భాషలో అబియోనా అంటే దారిలో పుట్టిన పిల్ల అని అర్థం. పేరుకే కాదు, నిజంగానే దారిలో పుట్టింది. నూలు గంప నెత్తిన పెట్టుకుని పొరుగూరి సంతకు బయల్దేరిన రాలియాతుకు సగం దారిలో నొప్పులొచ్చాయి. రోడ్డు పక్క జీడిమామిడి చెట్టు కింద కని, గంపలోని నూలుతోనే బొడ్డు కట్టి, పిల్లను ఆ గంపలోనే పడుకోబెట్టుకుని ఇంటిదారి పట్టింది. "సంత పోయింది, ఇది దక్కింది" అని తమ ఊరు ఇసేయిన్ వీధిలో అందరికీ చెప్పి తెగ నవ్వేదట. ఆ నవ్వు అబియోనా ఎరగదు, ఎవరో చెప్పగా విన్నదే.

ఇసేయిన్‌లో మగవాళ్ళు నేస్తారు, ఆడవాళ్ళు నూలు వడికి అమ్ముతారు. తెల్లవారింది మొదలు వీధి పొడుగునా మగ్గాల చప్పుడే. ఆ చప్పుడుకు అబియోనా పాదం ఊరుకునేది కాదు. నూలు చుట్టవే అంటే చుట్టేది కాదు గానీ, ఇమాముగారి దగ్గు, బేరమాడేవాళ్ళ మూతి విరుపులు, పక్కింటి ముసలమ్మ కుంటినడక ఉన్నదున్నట్టు చేసి చూపించేది. వీధి వీధంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది. రాలియాతు మాత్రం "మూతి కాలుస్తా" అనేది. మొగుడు చచ్చిపోయి ఒక్క పిల్లతో మిగిలిన మనిషి, ఆమె భయాలు ఆమెకుండవా?

అబియోనా పదిహేడో ఏట ఊళ్ళోకి నాటకాల లారీ వచ్చింది. లారీ నెత్తిన డప్పులు, మైకు, రంగు గుడ్డలు. యజమాని బాబా ఆగ్బూలా గొంతెత్తితే ఊరవతల మేకలు కూడా తల తిప్పేవి. మూడు రోజులు ఆడి, నాలుగో రోజు తెల్లారగట్ల లారీ కదిలేసరికి అందులో ఒక మనిషి ఎక్కువైంది. ఎవరో వేరే చెప్పాలా?

ఆ రోజుల్లో తిరిగే నాటకాలవాళ్ళలో ఒక పద్ధతుండేది. బాగా ఆడే పిల్ల వేరే బృందానికి పోకుండా యజమానే పెళ్ళాడేవాడు. ఆగ్బూలాకు అప్పటికే నలుగురు. అబియోనా ఐదోది. రాలియాతు ఏ మాట చెవిన పడకూడదనుకుందో ఆ మాటే పడింది. అప్పట్నుంచి ఎవరైనా "నీకు పిల్లలెంతమంది?" అంటే "లేరు" అనేసేది. అబియోనా కబురు పెడితే జవాబు రాలేదు. బట్టలు పంపితే కట్టు విప్పకుండా వెనక్కి వచ్చాయి. పంతానికి ఆ తల్లీ కూతుళ్ళలో ఎవరూ తీసిపోరు.

లారీ బతుకు మాత్రం అబియోనాకు ఒక పొడుగాటి కలలా గడిచింది. ఏ ఊళ్ళో పడుకుందో, ఏ ఊళ్ళో లేచిందో తెలిసేది కాదు. ఎడారి గాలి మోసుకొచ్చిన దుమ్ములో సూర్యుడు తెల్లగా, పాలిపోయి కనిపించేవాడు. చెట్లు, గుట్టలు ఆ మసకలోంచి తేలుతూ ఎదురొచ్చి, తేలుతూనే వెనక్కి పోయేవి. ఒకనాడు రాణి, ఒకనాడు మంత్రగత్తె, ఒకనాడు నదిలోంచి లేచొచ్చిన ఆడది. ఏ వేషం కడితే ఆ వేషంలోనే రొట్టె తిని, ఆ వేషంలోనే కునుకు తీసేది. లారీ మీద వెల్లకిలా పడుకుంటే తను కదులుతోందో ఆకాశం కదులుతోందో తేల్చుకోలేకపోయేది. ఆ తేలిపోవడమంటే ఆమెకు ప్రాణం.

తర్వాత ఇంటింటికీ వీడియో డెక్కులొచ్చాయి. నాటకం హాళ్ళు బోసిపోయాయి, ఆగ్బూలా లారీ ఒక మెకానిక్ షెడ్డు వెనక తుప్పు పట్టింది. ఐదో పెళ్ళాం తన పెట్టె తను సర్దుకుని, "బాబా, ఇన్నాళ్ళు ఆడించావు, ఇక నేనే ఆడిస్తా" అని చెప్పి లాగోస్ బస్సెక్కింది. పొగరనుకున్నారు అందరూ. పొగరే మరి. క్యాసెట్ సినిమాల్లో గయ్యాళి సవతిగా మొదలుపెట్టి, ఎనిమిదేళ్ళు తిరిగేసరికి తన సినిమా తనే తీసే మనిషయింది. బజారుకెళితే కూరలమ్మే ఆడవాళ్ళు మోకాళ్ళు వంచి "అమ్మా" అని పలకరించేవారు. ఇంతమంది తల్లీ అని పిలుస్తున్నారు, కన్నతల్లి కూతురా అని ఒక్కసారి అంటే చాలు కదా అనుకునేది. ఇల్లు విడిచి అప్పటికి పంతొమ్మిదేళ్ళు.

అబేయోకుటా పట్నంలో ఓ పాత లోగిలి తీసుకుని నాలుగో సినిమా మొదలుపెట్టింది. కథలో పెద్ద వ్యాపారస్తురాలు నడివయసులో చనిపోతుంది. శవపేటికలో పడుకోవడానికి ఏ నటీ ఒప్పుకోలేదు. ఉట్టి సినిమాకైనా పెట్టెలోకి దిగితే చావు దారి గుర్తుపెట్టుకుంటుందని వాళ్ళ భయం. సరే, నా సినిమా, నా పెట్టె అని అబియోనాయే పడుకుంటానంది. సెట్టింగు కుర్రాళ్ళు ఆమె ఫోటోతో చావు పోస్టర్లు అచ్చేయించి, వారం ముందే వీధి గోడలకు అంటించారు. కింద పేరు కథలో మనిషిదే. కానీ ఆ పేరు చదివేదెవరు?

ఇసేయిన్ నుంచి బట్టలమ్మడానికి వచ్చిన అవావుకు చదువు రాదు. గోడ మీద ఫోటో చూసింది, గుండెలు బాదుకుంది. పోస్టరు చదివిన ఒకాయన్ని "ఎప్పుడట? ఎక్కడట?" అని అడిగి, శనివారం, ఫలానా లోగిలి అని ఖాయం చేసుకుని ఊరెళ్ళింది. రాలియాతు వాకిట్లో కూర్చుని నూలు చుడుతోంది. "నీకు పిల్లల్లేరని చెబుతావు కదా రాలియాతూ, ఇప్పుడు నిజంగానే లేకుండా పోయింది" అంది అవావు. రాలియాతు ఉండ చుట్టడం పూర్తి చేసి, లోపలికెళ్ళి తలుపేసుకుందట.

ఆ వైపు జనంలో బిడ్డ ముందు పోతే తల్లిదండ్రులు పాతిపెట్టే చోటికి వెళ్ళరు. గుంట ఎక్కడుందో కూడా వాళ్ళకు చెప్పరు. పొరపాటున వెళ్ళినవాళ్ళని వెలివేసినట్టే, పేరు కూడా ఎవరూ ఎత్తరు. ఇంట్లో ఓ మూల కూర్చుని ఏడవాల్సిందే. సినిమా కథలోనూ అబియోనా అంతే రాయించింది, తల్లి పాత్ర గదిలోనే ఉంటుంది.

శనివారం పొద్దున్నే పెట్టెలోకి దిగింది. ముక్కులో దూది, ఒంటి మీద తెల్లటి జరీ బట్ట. కళ్ళు మూసుకోగానే లోగిలి చప్పుళ్ళన్నీ దూరమయ్యాయి. రెప్పల మీద ఎండ ఎర్రగా, పల్చగా పరుచుకుంది. పెట్టె అడుగున చెక్క నెమ్మదిగా కదులుతున్నట్టు, తను మళ్ళీ ఏదో లారీ మీద వెల్లకిలా పడుకున్నట్టు అనిపించింది. కూలికొచ్చిన ఆడవాళ్ళ ఏడుపు అలలుగా వచ్చిపోతోంది. చావంటే ఇంతేనా, హాయిగానే ఉందే అనుకుంది.

ఇంతలో ఏడుపు ఆగింది. ఎవరో ముసలావిడ గొంతు, "నువ్వెవరమ్మా? తల్లివా? తల్లి రాకూడదు, తెలీదా?" అంది.

"తెలుసు. పక్కకి జరుగు."

అది రాలియాతు గొంతు.

"మేం ముసల్మానులం, మావాళ్ళని పెట్టెలో పెట్టరు. నా పిల్లని ఎవరు పెట్టారు?" అని రాలియాతు దగ్గరికొచ్చింది. కెమెరా తిప్పుతున్న సికిరు, కూలికొచ్చిన నటే అనుకున్నాడు, ఆపలేదు. రాలియాతు పెట్టె అంచు పట్టుకుని, వంశం పొగడ్త అందుకుంది. ఇసేయిన్ తల్లులు పిల్లల్ని పొద్దున్నే లేపుతూ పాడేది అదే. పంతొమ్మిదేళ్ళుగా అబియోనా వినని పాట.

"దారిలో దొరికిన దానా, జీడిమామిడి నీడ దానా,
పత్తి పూస్తే ముందు చూసేవాళ్ళ మనవరాలా,
మగ్గం ఊరుకున్నా ఊరుకోని పాదం దానా,
పోయావు, లేవన్నాను. రమ్మనలేదు, రాలేదు.
నోరు నాదే, తప్పు నాదే, దారిలో దొరికిన దానా."

లేవాలి. లేచి అమ్మా నేను బతికే ఉన్నానని చెప్పాలి. అబియోనాకు తెలుసు. కానీ లేస్తే ఈ పాట ఆగిపోతుంది. బతికున్న కూతురికి ఆ తల్లి ఈ మాట చెబుతుందా? ఇంకొక్క చరణం, ఇంకొక్కటి అనుకుంటూ పడుకునే ఉంది. ఎంత పాపమో తెలిసీ పడుకుంది. ఎవరేమన్నా అననీ, ఆకలి అలాంటిది. మూసిన కంటి కొసనుంచి నీరు జారి చెవిలోకి పోయింది.

పాట ఆగింది. గరుకు చెయ్యి ఒకటి చెంప మీద పడి, తడి తుడిచి, అక్కడే ఉండిపోయింది.

"చచ్చినోళ్ళు ఏడవరు," అంది రాలియాతు. "లేవ్వే."

అబియోనా లేచింది. ఆ పాటకి నిజం చావే అనుకున్న కూలివాళ్ళలో సగం మంది గోడలు దూకి పారిపోయారు. ముక్కులో దూదితోనే వచ్చి తల్లి కాళ్ళ ముందు మోకరిల్లింది. రాలియాతు తన తలగుడ్డ ఊడదీసి, దాంతోనే వీపు మీద నాలుగు వడ్డించి, అక్కడే నేల మీద కూలబడింది. ఆ తర్వాత ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి ఏడ్చారు. మధ్యాహ్నం పెండలం పిండి ముద్ద ఒకే పళ్ళెంలో తిన్నారు.

సికిరు తటపటాయిస్తూ వచ్చాడు. "అక్కా, ఇందాకటిది మొత్తం పడింది. నా జన్మలో ఇలాంటిది తియ్యలేదు. ఏం చెయ్యమంటావు?"

"చెరిపెయ్," అంది అబియోనా. ఆ మాట అనడానికి ఎంత కష్టపడిందో నిర్మాతలైనవాళ్ళకే తెలుస్తుంది.

"ఎందుకు చెరపడం?" అంది రాలియాతు, వేళ్ళు నాకుతూ. "ఇంకోసారి చెప్పే ఓపిక నాకు లేదు. ఉండనీ."

కథ మారింది. సినిమాలో తల్లి గదిలోంచి బయటికొచ్చింది.

ఆ ఏడు దుమ్ముగాలి రోజుల్లో ఇసేయిన్ టౌన్ హాల్లో ఓ మధ్యాహ్నం సినిమా వేశారు. కిటికీల సందుల్లోంచి తెల్లటి వెలుతురు, అందులో తేలే ధూళి. రాలియాతు ముందు వరసలో కూర్చుంది. అబియోనా తలుపు దగ్గరే నిలబడింది. తెర మీద తల్లి, ముఖం ఇంకా కనిపించకుండా, పెట్టె దగ్గరికి నడిచింది. మధ్య వరసలోంచి ఓ రిటైరైన బడిపంతులు లేచాడు.

"ఆపండయ్యా. ఇదేం చోద్యం? ఏ తల్లి కూతుర్ని పాతే చోటికొస్తుంది? ఈ ఊళ్ళో పుట్టి ఆచారం తెలీకుండా తీసింది. పెంచిన తల్లి ఉంటే కదా నేర్పడానికి."

తలలన్నీ రాలియాతు వైపు తిరిగాయి. నవ్విపోతారు, వెలివేస్తారు, ఆవిడ మునుపట్లాగే పిల్లల్లేరు అనేస్తుంది అనుకుంది అబియోనా. తలుపు గడియ మీద చెయ్యి వేసింది.

రాలియాతు మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేచింది. వెనక్కి తిరిగి పంతులి ముఖంలోకి చూసింది.

"నేను వెళ్ళాను పంతులూ. ఆ పెట్టెలో ఉన్నది నా కూతురు."